ఉల్టాపానీ దగ్గర గెలిచిన కన్ను

సరే, మాట్లాడకండి. నాలుగింటికి మూసిన నోరు, ఇప్పుడు ఆరున్నర. దేవుడి దగ్గర దీపం కూడా పెట్టేసి వచ్చాను. ఇంకా ఎంతసేపండీ ఆ పేపరు వెనకాల? అది మొన్నటి పేపరు. ఇవాళ్టిది ఇదిగో, నా ఒళ్లో ఉంది.

ఊహూ. అయినా పలకరు. ముప్పై ఆరేళ్లు రైలు పట్టాల వెంట తిరిగి, మైలు దూరంలో ఉన్న గ్యాంగ్‌మెన్‌ని కేకేసి పిలిచిన గొంతు ఇదేనంటే ఎవరైనా నమ్ముతారా?

తప్పు నాదే. ఒప్పుకుంటున్నాను. పక్కింటి చెన్నకేశవులు గారి ముందు నేనలా అనకూడదు. పాపం ఆయన టీ తాగి పోదామని వచ్చారు. మీరు మనం కొండ మీదికి వెళ్లొచ్చిన మైన్‌పాట్ కథ ఎత్తుకున్నారు. ఆయన వినడం నాలుగోసారి. అయినా పెద్దమనిషి, ఇదే మొదటిసారన్నట్టు ‘అట్లనా సత్తిరాజు గారూ’ అంటూ ఊ కొట్టారు. స్టీలు ప్లాంటులో ఆఫీసర్ల దగ్గర పనిచేసిన ఓపిక అది. ‘అక్కడ వందమంది కళ్లు మోసపోయాయండీ, నా కన్ను ఒక్కటే మోసపోలేదు’ అన్నారు మీరు. అంతవరకూ నేనూ ఊ కొడుతూనే ఉన్నాను. నాకు పదకొండోసారి.

ఆ తరవాత అన్నారు చూడండి. ‘ఇలాంటి కంటికి ఆపరేషనేమిటండీ, శనివారం తేదీ రద్దు చెయ్యమని మా అబ్బాయి ఈశ్వర్‌కి చెప్పేస్తున్నాను. ఆదివారం మనవరాలు అమూల్యని స్కూటరు మీద ఆరంగ్ తీసుకెళ్తాను, పాత గుడి చూపిస్తాను’ అని.

అప్పుడు నోరు జారాను. ‘మోసపోవాలన్నా ముందు కనబడాలి కదండీ’ అన్నాను.

చెన్నకేశవులు గారు కప్పు కింద పెట్టేసి, ‘మోటర్ ఆన్ చేసి వచ్చిన టీచరమ్మా, మర్చేపోయిన’ అని లేచిపోయారు. ఆ వేళప్పుడు ఈ వీధిలో ఎవరికీ నీళ్లు రావు. మర్యాదస్తుడు కాబట్టి మోటరు మీదికి నెట్టేసి వెళ్లారు.

ఆయన ముందు సగమే అన్నాను. మిగతా సగం మీకొక్కరికే చెబుతాను. నాలుగో తరగతికి చెప్పినట్టు విడమరిచి చెబుతాను. అలా మొహం పెట్టకండి. నాలుగో తరగతికి అర్థమయ్యేలా చెప్పలేకపోతే ఆ సంగతి నాకే సరిగ్గా తెలియదని లెక్క. ముప్పై రెండేళ్ల ఉద్యోగంలో నేను నేర్చుకున్నది అదొక్కటే.

మొదటి నుంచి వద్దాం. ఈ ప్రయాణం మీకు మొదట్నుంచీ ఇష్టం లేదు. ‘రైలు వెళ్లని ఊరు కూడా ఒక ఊరేనా’ అన్నారు. అంబికాపూర్ దాకా రైలుందని కోడలు ఫణిశ్రీ చెప్పాక కాస్త మెత్తబడ్డారు. అక్కడి నుంచి కొండ మీదికి టాక్సీ. ప్రతి మలుపు దగ్గరా ‘ఈ వాలుకి సంతకం పెట్టిన ఇంజనీరెవడు?’ అంటూనే ఉన్నారు. డ్రైవరుకి తెలుగు రాదు కాబట్టి సరిపోయింది.

ఇంకొకటి. ఊరికెళ్లేటప్పుడు ఎవరైనా బీపీ మాత్రలు సర్దుకుంటారు. మీరు రసమట్టం సర్దుకున్నారు. ఆ ఇత్తడి గొట్టాన్ని తువ్వాల్లో చుట్టి, సూట్‌కేసులో మధ్యన పెట్టుకున్నారు. రిటైరై పదహారేళ్లయింది, కొండ మీద పట్టాలు లేవు, వాలు కొలవమని ఎవరూ పిలవలేదు. అయినా అది లేకుండా మీరు గడప దాటరు. మాత్రలు నేను సర్దాను.

నవ్వొచ్చింది కదూ? పేపరు కదిలింది, నేను చూశాను.

మైన్‌పాట్ మొదటి రోజు గుర్తుందా? కొండ మీద అంత చదునైన నేల ఉంటుందని నేను అనుకోలేదు. చలికి చేతులు కొంకర్లు పోయాయి. ఎక్కడ చూసినా టిబెట్ వాళ్ల రంగురంగుల జెండాలు, తాడుకి కట్టినవి, గాలికి ఒకటే రెపరెపలు. వాళ్ల మఠం చూడడానికి వెళ్లాం. గేటు దాటగానే మీరు ఆగి, చెప్పులు విడిచి, వంగి ఒకాయనకి నమస్కారం పెట్టారు. పెట్టి, ‘ఎంత పెద్దవాడో చూడు తాయారూ, కదలడం లేదు, ధ్యానంలో ఉన్నట్టున్నాడు’ అన్నారు.

ఆయన పెద్దవాడు కాదండీ. తీగ మీద ఆరేసిన ఎర్ర బట్ట.

లేవకండి, కూర్చోండి. ఎక్కడికెళ్తారు, చెప్పులెక్కడున్నాయో నేనే చెప్పాలి. అవును, బట్ట. వాళ్లు ఒంటికి చుట్టుకునేది. ఉతికి ఆరేశారు. నేనేమన్నాను ఆ రోజు? ‘అవునండీ, ఆయన కూడా కళ్లతోనే దీవించారు’ అన్నాను. అమూల్య నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని అటు తిరిగిపోయింది. ఆ పిల్లకి జెండాలు చూసి ఆనందమేసిందని మీకు చెప్పాను. అదీ అబద్ధమే.

ఇక ఉల్టాపానీ. మీ కథ మీరు పదకొండుసార్లు చెప్పారు. ఒక్కసారి నన్ను చెప్పనివ్వండి.

పొలాల మధ్యన చిన్న కాలువ. మూరెడు వెడల్పు. నీళ్లు కొండ వైపు పారుతున్నాయి. అంటే కింది నుంచి పైకి. జనం ఆకులూ కాగితం పడవలూ వదులుతున్నారు, అవి తాపీగా ఎక్కిపోతున్నాయి. అమూల్య ‘తాతా, నీళ్లు మెట్లెక్కుతున్నాయి’ అంది. పల్లీలమ్మే ఆవిడ మన దగ్గరికొచ్చి ‘దేఖవ బబా, పానీ ఊపర్ చఢత్ హే’ అని నీళ్లు పైకెక్కడం చూపించింది. మన ఈశ్వర్ ఇంజనీరింగు చదివినవాడు, వాడు కూడా నడుం మీద చేతులు పెట్టుకుని నోరు తెరిచి నిలబడ్డాడు.

మీరేం చేశారు? కాలువ గట్టు మీద గొంతుక్కూర్చున్నారు. పట్టా దిగబడిందేమో చూడడానికి ఎలా వంగేవారో, అలాగే చెంప నేలకి ఆనించారు. నీళ్లలో చెయ్యి పెట్టారు. లేచి, ‘ఎక్కడమేమిటి, శుభ్రంగా దిగుతోంది. చూస్తే తెలియడం లేదూ?’ అన్నారు.

అందరూ నవ్వారు. అప్పుడు మీరు తువ్వాలు విప్పారు. పల్లీలావిడ దగ్గర చెక్కపలక తీసుకుని గట్టు మీద పరిచి, రసమట్టం పెట్టారు. లోపలి బుడగ మీరు ఎత్తన్న వైపే జరిగింది. రెండోచోట పెట్టారు, అటే. మూడోచోట, అటే. కాలేజీ పిల్లలు వీడియో తీశారు. ‘బబా కీ ఆంఖ్ మే హీ లెవెల్ హై’ అని, ఈ తాతగారి కంట్లోనే మట్టం ఉందని ఒకమ్మాయి మీ కాళ్లకి దండం పెట్టింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను అందరికంటే గట్టిగా కొట్టాను. మీ మొహం అలా వెలగడం రిటైర్మెంట్ నాడు కూడా చూడలేదు.

మీరు చెప్పిందే నిజం. నీళ్లు దిగుతూనే ఉన్నాయి. మీ రసమట్టం ఎన్నడూ అబద్ధమాడదు.

కానీ నాకు నీళ్లు ఎక్కుతున్నట్టే కనబడ్డాయండీ. నీళ్లెప్పుడూ పై నుంచి కిందికే పారతాయని ముప్పై రెండేళ్లు బోర్డు మీద బొమ్మ గీసి చెప్పాను. బుడగ చూశాను. మీ మాట విన్నాను. మళ్లీ కాలువ వైపు చూశాను. ఎక్కుతున్నాయి. ఫణిశ్రీకి అంతే. ఈశ్వర్‌కి అంతే. రోజూ అక్కడే కూర్చునే పల్లీలావిడకి కూడా అంతే. కంటిచూపున్న ప్రతివాళ్లకీ అక్కడ అలాగే కనబడుతుంది. తెలిసినా కనబడుతుంది.

మీకెందుకు కనబడలేదు?

ఇప్పుడు పాఠం వినండి. స్టేషన్లో రైలు ఆగి ఉంటుంది, మనం కిటికీ దగ్గర కూర్చుంటాం. పక్క లైన్లో రైలు కదులుతుంది. మనదే కదిలిందనుకుంటాం. అవునా? మీకు తెలియనిదా. కన్ను పక్కదాన్ని చూసి ఇది కదిలింది, అది ఆగిందని తీర్పు చెప్పేస్తుంది. ఉల్టాపానీ దగ్గర జరిగేదీ అలాంటిదే. చుట్టూ కొండ, పొలం గట్లు, చెట్లు, రోడ్డు, అన్నీ ఒక పక్కకి ఒరిగి ఉంటాయి. కన్ను వాటిని చూసి ఇదే చదును అనుకుంటుంది. దాంతో చిన్న వాలు ఎత్తులా తోస్తుంది.

మరి రైల్లో ఎవరు మోసపోరు? కిటికీ షట్టరు దించేసుకున్నవాళ్లు. పక్క రైలు వాళ్లకి కనబడదు. వాళ్ల ఒళ్లు చెప్పిందే వాళ్లకి తెలుస్తుంది.

మీకు కొండ కనబడలేదండీ. పొలం గట్లు కనబడలేదు. మూరెడు నీళ్లు, మీ అరచెయ్యి, అంతే కనబడ్డాయి. షట్టరు దిగిపోయింది. అందుకే గెలిచారు.

ఏమిటి? కనబడిందా? అమ్మయ్య, రెండున్నర గంటల తరవాత ఒక మాట. సరే, ఆ కొండ మీద ఏముందో చెప్పండి. చెట్లా? చెట్లు ప్రతి కొండ మీదా ఉంటాయి. నేను అడిగేది ఆ కొండ మీద సగానికి పైగా ఎర్రమట్టి కోసేసి ఉన్న సంగతి. అంత పెద్ద గాటు. మీ కన్ను దాన్ని వదిలేది కాదు. పాత రోజుల్లో అయితే ‘వర్షాకాలం ఈ మట్టి జారుతుంది, ఎవరికైనా చెప్పారా’ అని ఊళ్లో సర్పంచిని వెతుక్కుంటూ వెళ్లేవారు.

అది మీ కన్ను. ఆ కన్ను గొప్పది. కాదని ఎవరన్నారు?

మీ చూపు ఇంతగా పోయిందని నాకు మాత్రం అక్కడ రూఢి కాలేదు. మర్నాడు ఉదయం లోయ చూసే మెహతా పాయింటు దగ్గర రూఢి అయింది. ఎనిమిదైంది. రెయిలింగు పట్టుకుని నిలబడ్డాం. మీరు ‘అబ్బా, పొగమంచు దట్టంగా ఉంది, ఏమీ కనబడట్లేదు. మధ్యాహ్నం వచ్చి ఉండాల్సింది’ అన్నారు.

మంచు లేదండీ.

ఆ పూట ఆకాశం కడిగిన పలకలా ఉంది. కింద లోయ, లోయలో సన్నగా వాగు, వాగు పక్కన నాలుగిళ్లు, ఒక ఇంటి కప్పు మీద ఏదో పచ్చగా ఎండబెట్టారు. దాని వెనక కొండలు వరసగా. అమూల్య వేలు చూపిస్తూ ఏడు వరసలు లెక్కపెట్టింది. మీరు మంచనగానే అది ‘మంచెక్కడ’ అనబోయింది. దాని జబ్బ గిల్లాను. ‘అవునండీ, మంచే’ అన్నాను. ఈశ్వర్ నా వైపు చూశాడు. నేను లోయ వైపు చూశాను.

ఇక్కడ రాయ్‌పూర్‌లో అయితే మీకు ఉర్లా పొగ ఉంది. ఏది మసగ్గా కనబడినా ‘ఫ్యాక్టరీల పొగ, చష్మా తుడవాలి’ అంటారు. మేడ మీద ఆరేసిన బట్టలు నల్లబడతాయి కాబట్టి ఎవరూ కాదనరు. కొండ మీద ఫ్యాక్టరీ లేదు, అందుకని మంచొచ్చింది. ఇంకో ఊరు తీసుకెళ్తే ఇంకేదో వచ్చేది.

అబద్ధమాడారని అనడం లేదు. మీరు నిజంగానే మంచనుకున్నారు. ఎందుకనుకున్నారో చెప్పనా? అక్కడే నా సంగతి మొదలవుతుంది. ఆ పేపరు కాస్త దించండి. నేను చెప్పేది నా తప్పు. తలెత్తి వినండి.

రెండేళ్లుగా పొద్దున్నే పేపరు నేను పైకి చదువుతున్నాను. ఎందుకని అడిగితే, పాఠం చెప్పే అలవాటు పోలేదు, గొంతు ఊరుకోదు అన్నాను. మీ కంచంలో పచ్చడి కుడి పక్కనే, కూర ఎడమ పక్కనే వడ్డిస్తున్నాను. మెట్టు వచ్చిన ప్రతిచోటా ‘అమ్మా నా మోకాళ్లు’ అంటాను. మోకాళ్లు బాగానే ఉన్నాయి. అది మీకు మెట్టుందని చెప్పడం.

స్కూటరు మీద వెనక కూర్చుని ఊరికే వాగుతానని విసుక్కుంటారు కదా. ‘సిగ్నల్ ఎర్రబడింది, ఈ మధ్య ఎంతసేపు ఆపుతున్నారో.’ ‘ఆ ఆటోవాడు చూడండి, ఎలా అడ్డం వచ్చేస్తున్నాడో.’ ‘ఎవరివో గేదెలు, రోడ్డంతా వాటిదే.’ ‘ఇక్కడ గొయ్యి ఇంకా పూడ్చలేదు.’ అది వాగుడు కాదు. నేను చెప్పడం, మీరు తిప్పడం. మనిద్దరం కలిసి ఒక మనిషిలా బండి నడిపాం రెండేళ్లు.

క్లాసులో పక్కపిల్లకి జవాబు అందించే పిల్లని లేపి గుమ్మం బయట నిలబెట్టేదాన్ని. చాలామంది తల్లులు వచ్చి అడిగేవారు, సాయం చేస్తే శిక్షేమిటి టీచర్ అని. అందించినవాళ్లకి నష్టం లేదమ్మా, అందుకున్న పిల్లకి తనకి రాదన్న సంగతే తెలియకుండా పోతుంది, పరీక్షలో పక్కన ఎవరుంటారు, అని చెప్పేదాన్ని. ఇంత చెప్పినదాన్ని ఇంట్లో చేసిన పని అది. మీ కన్ను పోతోందని మీకు తెలియనివ్వలేదు. డాక్టరు మోతియాబింద్, అదే శుక్లం, అంటే మీరు ‘వాడికేం తెలుసు’ అన్నారంటే, అందులో మీ మొండితనం సగం, నేనందించినది సగం.

ఆదివారం వెనక సీట్లో నేను ఉండను. అమూల్య ఉంటుంది. చెవుల్లో ఆ తీగలు పెట్టుకుని పాటలు వింటూ కూర్చుంటుంది. దానికి పదమూడేళ్లు. గేదెలొచ్చాయని చెప్పదు. ఆరంగ్ దారిలో మందిర్ హసౌద్ దాటాక హైవే మీద లారీలెలా వస్తాయో మీకు తెలుసు. దానికి మాత్రం, ఉల్టాపానీని గెలిచిన తాతయ్య బండి నడుపుతున్నాడన్న ధైర్యం. ఆ వీడియో దాని స్కూలంతా చూశారు.

చెన్నకేశవులు గారి ముందు నేను ఎందుకు ఆగలేకపోయానో ఇప్పుడు తెలిసిందా?

పేపరు పక్కన పెట్టారు. మంచిది. ఇంకొకటి ఉంది. ఇది చెప్పకపోతే ఇంతసేపు చెప్పిందంతా మిమ్మల్ని దెప్పినట్టే అవుతుంది.

రాఖీ పండక్కి ముందు ఒక తేదీ ఇచ్చారు గుర్తుందా, మొదటి తేదీ? ఆ రోజు డాక్టరు గారు సెలవు పెట్టారని చెప్పాను. పెట్టలేదు. ముందురోజు మధ్యాహ్నం మీరు నిద్రపోతుంటే నేనే ఫోన్ చేసి, మా ఆయనకి జలుబు చేసింది, ఇప్పుడు వద్దన్నాను. ఈశ్వర్‌కీ జలుబనే చెప్పాను. మీరు అప్పుడు ఒప్పుకునే ఉన్నారు. బనీను, తువ్వాలు సర్దుకున్నారు కూడా.

ఎందుకు చేశావంటే ఏం చెప్పను? భయమంటే నమ్ముతారు. భయం కాదు.

పెళ్లయి నలభై ఏడేళ్లు. ఎక్కడికెళ్లినా మీరు నాకంటే పదడుగులు ముందే. బజారుకైనా, సినిమాకైనా, నా తమ్ముడి పెళ్లికైనా. పట్టాల కింద స్లీపరు మీద నుంచి స్లీపరు మీదికి అంగలేసే నడక. పిలిస్తే ఆగి, వెనక్కి చూసి, నేను అందుకోగానే మళ్లీ బయల్దేరేవారు. మీ వీపు మీద చొక్కా కుట్టు నాకు తెలిసినంత బాగా మీ మొహం తెలియదు, ఆ రోజుల్లో.

రెండేళ్ల కిందట తెలీబాంధా చెరువు దగ్గర మెట్లు దిగుతూ నా చెయ్యి పట్టుకున్నారు. అప్పటి నుంచి పక్కనే నడుస్తున్నారు. మైన్‌పాట్‌లో ఆ జల్‌జలీ నేల మీద, కాలు వేస్తే పరుపులా ఊగుతుందే, అక్కడ పిల్లలంతా గెంతుతుంటే మీరు రెండు చేతులతో నా చెయ్యి పట్టుకుని నిలబడ్డారు. ఫణిశ్రీ ఫోటో తీసింది. ‘అత్తయ్యా, ఈ వయసులో మీ ఇద్దరూ’ అని ఆట పట్టించింది. మీరు సిగ్గుపడ్డారు. నేను పడలేదు.

కన్ను బాగైతే ఆ చెయ్యి వదిలేస్తారు. మళ్లీ పదడుగులు ముందుకి వెళ్లిపోతారు. అందుకు చేశాను ఆ ఫోను. డెబ్భై ఏళ్లు దగ్గరపడ్డ మనిషి, అంతమంది పిల్లలకి బుద్ధులు చెప్పిన మనిషి, చేసిన పని ఇది. ఇందులో పెద్ద పాపమేముందిలే, ఇంకో ఏడాది పోయాక చూద్దాం అనుకున్నాను. ఇవాళ ఆ ఆదివారం ప్రయాణానికి అమూల్య పేరు మీ నోట వినేదాకా అలాగే అనుకున్నాను.

ఇందాక ఈశ్వర్‌కి చెప్పేశాను, అంతా. జలుబు సంగతి కూడా. ‘జలుబు కాదా అమ్మా’ అని రెండుసార్లు అడిగాడు. తరవాత శనివారం ఎనిమిదింటికి కారు తెస్తానన్నాడు. స్కూటరు తాళం కోసం వెతకొద్దు. ఇంట్లో లేదు. చెన్నకేశవులు గారి ఇంట్లో ఉంది. అడిగినా ఇవ్వరు, మళ్లీ మోటరు గుర్తొస్తుంది ఆయనకి.

తిట్టండి. తిట్టే హక్కు మీకుంది, నాకు సిద్ధమే. కానీ ఇవాళ వద్దు. శనివారం అయ్యాక, కట్టు విప్పాక, నా మొహం చూసి తిట్టండి. చూసే ముందు ఒక్కటి తెలుసుకోండి. ఈ రెండేళ్లలో నేను బాగా ముసలిదాన్నయ్యాను. మీకు చెప్పలేదు.